ట్రాన్సిస్టర్ మార్చాక ఫజ్ పెడల్ ధ్వని పడిపోతే

బీసీ547 ట్రాన్సిస్టర్ల కోసం గీసిన పటం ప్రకారం మీరు ఫజ్ ఫేస్ పెడల్ (గిటార్ ధ్వనిని గరగరలాడేలా చేసే పరికరం) కట్టి, అవి దొరకక 2ఎన్3904 వేశారనీ, ఇప్పుడు ధ్వని సన్నగా వచ్చి తీగ మోగుతుండగానే తెగిపోతోందనీ రాశారు. ట్రాన్సిస్టర్లు చెడిపోయాయని నేను అనుకోవడం లేదు, కాళ్లు తారుమారయ్యాయి. అక్షరాలున్న చదునైన ముఖం మన వైపు, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే, ట్రాన్సిస్టర్ మూడు కాళ్లకు ఎడమ నుంచి బీసీ547లో కలెక్టర్, బేస్, ఎమిటర్ అనే వరుస ఉంటుంది. 2ఎన్3904కు ఎమిటర్, బేస్, కలెక్టర్. రెండింటికీ బేస్ నడుమే ఉన్నందువల్ల, చదునైన ముఖం అవతలి వైపుకు వచ్చేలా తిప్పి సోల్డర్ చేస్తే సరిపోతుంది. (నేనూ ఒకసారి ఇదే పొరపాటు చేసి, పూటంతా కెపాసిటర్లను అనుమానించాను.)

తిప్పిన తరువాత, గిటార్ మోగించకుండా, మల్టీమీటర్ నల్ల ప్రోబ్‌ను గ్రౌండ్‌కు, ఎర్ర ప్రోబ్‌ను రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కు ఆనించి చూడండి. 9 వోల్టుల బ్యాటరీతో అక్కడ సుమారు 4.5 వోల్టులు రావాలి. అంతకు బాగా దూరంగా ఉంటే, ఆ కలెక్టర్‌కు కలిపిన 8.2 కిలో ఓమ్ రెసిస్టర్ స్థానంలో 20 కిలో ఓమ్ ట్రిమ్మర్ (తిప్పి విలువ మార్చుకోగల రెసిస్టర్) పెట్టి, మీటర్ చూస్తూ మెల్లగా తిప్పి ఆ విలువకు తెచ్చుకోవచ్చు.

వాటి బదులు 2ఎన్5088 ట్రాన్సిస్టర్ వేయాలన్న మీ ఆలోచన నాకు అంతగా నచ్చలేదు. దాని గెయిన్ (సంకేతాన్ని పెంచే శక్తి) చాలా ఎక్కువ కాబట్టి బుస పెరుగుతుంది, ఒక్కోసారి రేడియో కూడా వినిపిస్తుంది. వేసి తీరాలనుకుంటే మొదటి ట్రాన్సిస్టర్ కలెక్టర్‌కూ బేస్‌కూ మధ్య 100 పికోఫారడ్ కెపాసిటర్ కలపండి.