మనిషికీ కంప్యూటర్‌కీ చెస్ పోటీ పెడుతుంటే బోర్డు, స్క్రీన్, క్లాక్ ఎలా అమర్చాలి?

ప్రశ్న: కాలేజీ ఫెస్టులో ఒక రేటెడ్ ప్లేయర్‌కీ కంప్యూటర్‌కీ నాలుగు గేముల పోటీ పెడుతున్నాం. 2003లో మాజీ ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్ ఆడినట్టు త్రీడీ స్క్రీన్, కళ్ళజోడు, నోటితో ఎత్తులు చెప్పడం పెడితే ఆకర్షణగా ఉంటుందా? లేక మామూలు బోర్డే మేలా?

జవాబు: మామూలు బోర్డే మేలు. స్క్రీన్ జనానికి, చెక్క బోర్డు ఆటగాడికి. ఈ రెండూ కలిపితేనే గొడవ.

మీరు చెప్పిన పోటీ 2003 నవంబరులో న్యూయార్క్ అథ్లెటిక్ క్లబ్‌లో జరిగింది. ఎక్స్‌త్రీడీ ఫ్రిట్జ్ అనే చెస్ ప్రోగ్రాంతో కాస్పరోవ్ కళ్ళజోడు పెట్టుకుని, స్క్రీన్‌లో తేలే బోర్డు చూస్తూ ఎత్తులు నోటితో చెప్పాడు. చివరికి 2-2. రెండో గేములో 32వ ఎత్తుకు ఏనుగును జీ7 గడికి జరిపి ఓడాడు, మూడో గేము అదే కళ్ళజోడుతో గెలిచాడు. కాబట్టి నెపం కళ్ళజోడు మీదకే నెట్టలేం. 2006లో జర్మనీలోని బాన్‌లో డీప్ ఫ్రిట్జ్ ప్రోగ్రాం మీద ఆడుతూ ప్రపంచ ఛాంపియన్ క్రామ్నిక్ తనకు ఒక్క ఎత్తులో పడే మేట్ చూసుకోలేదు. అక్కడ కళ్ళజోడూ లేదు, త్రీడీ లేదు.

అయినా నేను త్రీడీ వద్దనేది ఎందుకంటే, బోర్డును ఏటవాలుగా చూపినప్పుడు అవతలి వరుసల్లో పావులు ఒకదాని వెనక ఒకటి నక్కుతాయి. చెక్క బోర్డు ముందైతే తల కాస్త ఎత్తితే చాలు. స్క్రీన్ ముందు తల ఎంత ఎత్తినా అదే కోణం. ఇక నోటితో ఎత్తులు చెప్పడం మరీ చిక్కు: బీ, సీ, డీ, ఈ, జీ అన్నీ ఒకేలా మోగుతాయి. హాల్లో ఫ్యాన్లు తిరుగుతుంటే ‘డీ4’ కాస్తా ‘బీ4’ అవుతుంది. తప్పదంటే మైకులో చెప్పిన ఎత్తు ముందు స్క్రీన్ మీద కనపడాలి, ఆటగాడు ‘సరే’ అన్నాకే ఆడినట్టు లెక్క అని రూల్‌లో రాసుకోండి. లేకపోతే పట్టిన పావు ఆడాల్సిందేనన్న నియమం ఎక్కడ మొదలవుతుందో ఆర్బిటర్‌కే (ఆట రిఫరీకే) తెలియదు.

బోర్డు గడి 5 నుంచి 6 సెంటీమీటర్లు, రాజు ఎత్తు 9.5 సెంటీమీటర్ల దగ్గర ఉంటే సరి. మెరిసే పాలిష్ పావులు వద్దు. ప్రొజెక్టర్ వెలుగు, వీడియో లైటు ఆటగాడి కంట్లో గానీ బోర్డు మీద గానీ పడకూడదు. ముందురోజు సాయంత్రం లైట్లన్నీ వేసి ఆ కుర్చీలో కూర్చుని చూడండి, నీడ ఎటు పడుతుందో తెలుస్తుంది.

అన్నిటికంటే ఎక్కువ తప్పులు జరిగేది ఆపరేటర్ దగ్గర, అంటే కంప్యూటర్ తరఫున పావులు జరిపే మనిషి దగ్గర. 1997లో కాస్పరోవ్‌తో ఆడిన ఐబీఎం డీప్ బ్లూ యంత్రం మరో గదిలో ఉంటే, కాస్పరోవ్ ఎదురుగా ఐబీఎం మనుషులు వంతులవారీగా కూర్చుని ఎత్తులు ఎక్కించి, యంత్రం చెప్పిన ఎత్తు బోర్డు మీద ఆడారు. మీ దగ్గరా అంతే. ఆపరేటర్ కంప్యూటర్ వైపు కూర్చుంటాడు కాబట్టి లాప్‌టాప్‌లో బోర్డును కంప్యూటర్ రంగు కిందికి వచ్చేలా తిప్పి పెట్టండి. లేకపోతే ‘ఏ’ వరుసకు బదులు ‘హెచ్’ వరుస నొక్కడం మామూలే. ఒకే గడికి రెండు గుర్రాలూ వెళ్ళగలిగినప్పుడు నొక్కేముందు ఒకసారి ఆగి చూడాలి. బంటు చివరి వరుస చేరగానే దానంతటదే మంత్రిని చేసే ఆప్షన్ తీసేయండి. తప్పు ఎక్కిస్తే స్థితిని సరిదిద్దాలి, పోయిన టైము కంప్యూటర్ ఖాతాలోనే అని ముందే రాసుకోండి.

క్లాక్ లెక్క చాలామంది వదిలేస్తారు. ఎత్తు చూసి ఎక్కించి, జవాబు చదివి, ఆడి, క్లాక్ నొక్కేసరికి 5 సెకన్లు పోతాయి. 60 ఎత్తులకు 5 నిమిషాలు. లాప్‌టాప్‌లోని క్లాక్‌కు ఈ సంగతి తెలియదు. అది తనకింకా టైముందనుకుని ఆలోచిస్తుంటే బల్ల మీది క్లాక్ సున్నాకొస్తుంది. తేలిక దారి: ఆట 90 నిమిషాలు, ఎత్తుకు 30 సెకన్ల ఇంక్రిమెంట్ (ప్రతి ఎత్తుకూ కలిసే అదనపు టైము) అయితే, ఇంజిన్‌కు, అంటే చెస్ ఆడే ప్రోగ్రాంకు, ఎత్తుకు ఒక నిమిషం అని కట్టేయండి. 60 ఎత్తులకు ఆపరేటర్ టైముతో కలిపి 65 నిమిషాలు, 150 ఎత్తుల దాకా సాగినా ఫ్లాగ్ పడదు, అంటే టైము అయిపోదు. అసలు ఎలాగూ పూర్తి బలంతో ఆడిస్తే మీ ప్లేయర్ నాలుగూ ఓడతాడు, స్టాక్‌ఫిష్ ఇంజిన్‌లో ఎలో (ఆట బలాన్ని కొలిచే రేటింగ్) పరిమితి పెట్టుకోండి.

లాప్‌టాప్‌ను చార్జర్ మీదే ఉంచి, యూపీఎస్‌కు కలపండి. స్లీప్, నోటిఫికేషన్లు, విండోస్ అప్‌డేట్ ఆపేయండి. దాని స్క్రీన్ ఆటగాడికి కనపడకూడదు. 2006 బాన్ పోటీలో మాత్రం ఒక సవరణ ఉంది: ఫ్రిట్జ్ తన ఓపెనింగ్ బుక్‌లో (ముందే దాచుకున్న ఆరంభపు ఎత్తుల్లో) ఉన్నంతసేపు దాని స్క్రీన్‌ను క్రామ్నిక్ చూడొచ్చు. మంచి రూలు, మీరూ పెట్టుకోవచ్చు.

జనం స్క్రీన్‌కు ఎత్తులు వెళ్ళడానికి ఎత్తులను తనే గుర్తుపట్టే ఎలక్ట్రానిక్ బోర్డు, డీజీటీ బోర్డు, దొరికితే హాయి. పావు అడుగున చిన్న కాయిల్ ఉంటుంది, పావు రకాన్ని బట్టి దాని ఫ్రీక్వెన్సీ మారుతుంది, బోర్డు దాన్ని చదువుతుంది. అందుకే మంత్రికి బదులు ఏనుగును తలకిందులుగా పెడితే బోర్డు దాన్ని మంత్రిగా చదవదు. అదనపు మంత్రులు రెండు బల్ల మీద ఉంచండి. ఆట అయ్యాక అదే బోర్డు మీద చర్చ మొదలుపెడితే ఆ ఎత్తులన్నీ గేములో చేరిపోతాయి. ముందు రాజులను మధ్యగడుల్లో పెట్టించి ఫలితం నమోదయ్యాకే పావులు ముట్టనివ్వండి.

పెద్ద స్క్రీన్ మీద మామూలు పైనుంచి చూసే బోర్డు, చివరి ఎత్తు రంగు మార్చి, రెండు క్లాకులు చాలు. ఎవరిది పైచేయో చూపే ఇంజిన్ అంచనా బార్ మాత్రం జనం అదే హాల్లో ఉంటే వద్దు. ప్లేయర్ తప్పు ఎత్తు ఆడగానే బార్ పడిపోతుంది, జనం ‘అయ్యో’ అంటారు, ఆ శబ్దమే అతనికి సలహా అవుతుంది. 1997 డీప్ బ్లూ పోటీలో జనం కింద ఆడిటోరియంలో ఉన్నారు, ఆట 35వ అంతస్తులో జరిగింది. మీకు అన్ని అంతస్తులు అక్కర్లేదు, పక్క గది ఖాళీ చేయించి తలుపు వేస్తే చాలు.