చిప్ సెలెక్ట్ తీగ గురించి మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి,

ఆశీస్సులు. నువ్వు పంపిన సర్క్యూట్ బొమ్మను రెండుసార్లు చూశాను. రైస్ మిల్లు వేబ్రిడ్జి ఇండికేటర్‌లో కరెంటు పోయినా కాలిబ్రేషన్ అంకెలు, లారీ నంబర్లు చెరిగిపోకుండా 62256 ర్యామ్‌కు (సమాచారం దాచే మెమరీ చిప్) బ్యాటరీ తగిలించి, మధ్యలో సరఫరాను కనిపెట్టి ఉండే మాక్స్ 691ఏ చిప్‌ను పెట్టాలన్న ఆలోచన సరైనదే. అయితే నువ్వు ఆ చిప్‌ను బ్యాటరీ మార్చే స్విచ్చిగా మాత్రమే వాడి, ర్యామ్ 20వ పిన్‌కు వెళ్ళే చిప్ సెలెక్ట్ తీగను, అంటే ర్యామ్‌ను పనికి పిలిచే తీగను, అడ్రస్‌ను బట్టి చిప్‌ను ఎంచే డీకోడర్ నుంచి నేరుగా లాగావు. ఈ ఉత్తరం ముఖ్యంగా ఆ ఒక్క తీగ కోసమే.

కరెంటు పూర్తిగా పోయాక, 2 వోల్టులు అందుతూ, తననెవరూ పిలవనంతవరకు ర్యామ్‌లోని సమాచారానికి ఢోకా లేదు. అది చెడేది కరెంటు పోతూ ఉన్న ఆ కొన్ని మిల్లీసెకన్లలోనే. 5 వోల్టుల లైను 4.5 కన్నా కిందికి జారుతున్నప్పుడు బోర్డును నడిపే మైక్రోకంట్రోలర్ 8051 పూర్తిగా ఆగదు, అలాగని సరిగానూ నడవదు. ఏ అడ్రస్‌లో ఏం రాస్తుందో ఎవరూ చెప్పలేరు. లైను సున్నాకు చేరాక డీకోడర్ అవుట్‌పుట్ కూడా సున్నా అవుతుంది. చిప్ సెలెక్ట్ మీద సున్నా ఉందంటే ర్యామ్‌ను పిలిచినట్టే కనుక, బ్యాటరీ మీద నిద్రపోవలసిన ర్యామ్ మేలుకొని కూర్చుంటుంది. మేలుకొన్న ర్యామ్ మైక్రోఆంపియర్లతో సరిపెట్టుకోదు.

కాబట్టి డీకోడర్ అవుట్‌పుట్‌ను 691ఏ 13వ పిన్‌కు ఇచ్చి, 12వ పిన్ నుంచి ర్యామ్‌కు తీసుకో. లైను సుమారు 4.65 వోల్టుల కిందికి దిగగానే చిప్ లోపలి గేటు మూసుకుని 12వ పిన్‌ను పైకి లాగి పెడుతుంది. అప్పటికే ఒక రైట్ (ర్యామ్‌లో రాసే పని) సగంలో ఉంటే, దాన్ని మధ్యలో నరికెయ్యకుండా, సెలెక్ట్ తీగ పైకి లేచేవరకో, సుమారు 15 మైక్రోసెకన్ల వరకో, ఏది ముందైతే అంతవరకు ఆగుతుంది. దీన్ని రూపొందించినవారు బోర్డుల దగ్గర కూర్చుని దెబ్బతిన్నవారే అయి ఉంటారని ఇది చూసినప్పుడల్లా అనుకుంటాను. గేటు వల్ల వచ్చే ఆలస్యం 10 నానోసెకన్లలోపే. 12 మెగాహెర్ట్జ్ 8051కు అది లెక్కలోకి రాదు.

మిగతావి త్వరగా చెబుతాను. 1వ పిన్‌కు బ్యాటరీ ప్లస్, 3కు 5 వోల్టులు, 4కు గ్రౌండు. 2 నుంచి ర్యామ్ 28వ పిన్‌కు సరఫరా, అక్కడే ఆనుకుని 0.1 మైక్రోఫారడ్ సెరామిక్ కెపాసిటర్. 8051 రీసెట్‌కు 16వ పిన్ తీసుకో, 15 కాదు. ప్రోగ్రాం ఇరుక్కుపోతే రీసెట్ చేసే వాచ్‌డాగ్ అక్కర్లేకపోతే 11ను దేనికీ కలపకు. బ్యాటరీకి వరసలో పెట్టిన డయోడ్ తీసెయ్యి; ఎదురు కరెంటును చిప్ తానే ఆపుతుంది, డయోడ్ వల్ల కొంత వోల్టేజీ వృథా కావడం తప్ప ఒరిగేది లేదు. రెగ్యులేటర్‌కు ముందున్న వోల్టేజీని 56 కిలోఓమ్, 10 కిలోఓమ్ రెసిస్టర్లతో విభజించి 9వ పిన్‌కు ఇస్తే, అక్కడి హద్దు 1.25 వోల్టులు కనుక, సరఫరా సుమారు 8.25కు దిగగానే 10వ పిన్ పడిపోతుంది. దాన్ని 8051 చేస్తున్న పని ఆపి వెంటనే స్పందించేలా చేసే ఇంటరప్ట్ పిన్‌కు కలుపు. 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్ ఉండి 100 మిల్లీఆంపియర్లు లాగుతుంటే, ఇంకో వోల్టు తగ్గడానికి 10 మిల్లీసెకన్లు పడుతుంది. జరుగుతున్న తూకాన్ని భద్రపరచడానికి అది చాలు.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. ఒక మిల్లులో నేను పెట్టిన బోర్డు బ్యాటరీ నలభై రోజులు తిరక్కుండానే అయిపోయేది. బ్యాటరీ నకిలీదని రెండుసార్లు దుకాణదారుతో గొడవపడి వచ్చాను. తీరా చూస్తే, జాగ్రత్త పేరుతో ర్యామ్ రైట్ తీగకు 10 కిలోఓమ్ పుల్-అప్‌ను (తీగను పైకి లాగి ఉంచే రెసిస్టర్) 691ఏ 2వ పిన్ నుంచి పెట్టింది నేనే. కరెంటు లేనప్పుడు బ్యాటరీ కరెంటు ఆ రెసిస్టర్ గుండా, చచ్చిపడి ఉన్న 8051 పిన్‌లోకి కారుతోంది: దాదాపు 240 మైక్రోఆంపియర్లు. ఆ బోర్డులోని సీఆర్ 2032 బిళ్ళ బ్యాటరీ నిల్వ 220 మిల్లీఆంపియర్-అవర్లు కదా, లెక్క వేస్తే సరిగ్గా అన్ని రోజులే వస్తుంది. చిప్ సెలెక్ట్ పైకి ఉంటే రైట్ తీగ ఎలా ఉన్నా ర్యామ్‌కు పట్టదు. ఆ పుల్-అప్ అసలు అవసరమే లేదు.

అందుకే బ్యాటరీకి వరసగా 1 కిలోఓమ్ రెసిస్టర్ పెట్టి, మెయిన్స్ ఆపి, దాని రెండు కొసల మధ్య మిల్లీవోల్టులు చూడు. ఒక మిల్లీవోల్టు అంటే ఒక మైక్రోఆంపియర్. తక్కువ కరెంటు రకం ర్యామ్ అయితే 5కు మించకూడదు. అలా ఉంటే బ్యాటరీ ఐదేళ్ళు నడుస్తుంది. ఎక్కువగా ఉంటే ముందు బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడుగు, ఎందుకంటే పిన్‌ల మధ్య మిగిలిన ఫ్లక్స్ (టంకానికి వాడే జిగురు పదార్థం) తేమకు మెగాఓమ్ రెసిస్టర్‌లా మారితే అదొక్కటే 3 మైక్రోఆంపియర్లు తాగుతుంది. బ్యాటరీ ఉన్న బోర్డును ఐసీలు గుచ్చే నల్లటి స్పాంజి మీద మాత్రం పెట్టకు. అది కరెంటును పారనిస్తుంది.

ర్యామ్ నిండా 55, ఏఏ (హెక్స్ అంకెలు) మార్చి మార్చి రాసి పరీక్షించు. ప్లగ్గు పీకి చూస్తే చాలదు. వేరియాక్‌తో (వోల్టేజీని పెంచి తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్) మెయిన్స్‌ను మెల్లగా తగ్గిస్తూ, 5 వోల్టుల లైను 4.7, 4.3 మధ్య అటూ ఇటూ ఊగేలా కాసేపు ఉంచి, ఆ తర్వాత మళ్ళీ పెంచి ప్రతి బైటునూ సరిపోల్చు. పల్లెల్లో లో-వోల్టేజీ అలాగే వస్తుంది. ఎన్ని బైట్లు మారాయో, ఆ మిల్లీవోల్టుల రీడింగ్ ఎంతో నాకు రాసి పంపు.

మీ మామయ్య