అడగండి, చెబుతాను: శనివారం బేరాలు

ప్రశ్న: అమ్మాయి పురిటికి గుంటూరు నుంచి న్యూజెర్సీ వచ్చాను. ఇక్కడ శని, ఆదివారాల్లో ఇళ్ల ముందు బల్లలు వేసి పాత సామాను అమ్ముతున్నారు. యార్డ్ సేల్ అట. మొన్న ఒకచోట పిల్లల మంచం, కారు సీటు, మిక్సీ, బరువైన ఇనప పెనం చూశాను. అన్నీ చవకే. అమ్మాయి మాత్రం "ఎవరో వాడి వదిలేసినవి మనకెందుకమ్మా? పైగా నువ్వు బేరమాడితే నా పరువు పోతుంది" అంటోంది. కొనవచ్చా? బేరమాడవచ్చా?
– కాబోయే అమ్మమ్మ, ఎడిసన్

జవాబు: ముందు పరువు సంగతి తేల్చేద్దాం. రెండు కార్లున్న ఇంటివాళ్లే కాఫీ కప్పు చేత్తో పట్టుకొని ఆ బల్లల చుట్టూ తిరుగుతుంటారు. పాత చీరలిచ్చి స్టీలు గిన్నెలు తీసుకునే ఇళ్లలో పుట్టిన పిల్లకు ఇందులో నామోషీ ఏముందో నాకు అంతుపట్టడం లేదు.

బేరం తప్పకుండా ఆడండి. అయితే మన మార్కెట్ పద్ధతి ఇక్కడ చెల్లదు. అక్కడ మనం వంకాయలో పుచ్చు చూపించి ధర తగ్గిస్తాం. ఇక్కడ అమ్మేది వ్యాపారి కాదు, ఇంటావిడ. ఆ గిన్నె వాళ్లమ్మది కావచ్చు, వంక పెడితే ఆవిడ మొహం మాడ్చుకుంటుంది. అందుకని నచ్చినవి నాలుగు ఒకచోట చేర్చి, అన్నీ కలిపి ఎంతకిస్తారని నవ్వుతూ అడగండి. చాలామందికి డబ్బుకన్నా గరాజ్ ఖాళీ కావడమే ముఖ్యం. పొద్దున ఎనిమిదింటికి సగం ధర అడిగితే కాదంటారు. మధ్యాహ్నం బల్లలు మడిచే వేళకు అదే మనిషి తనంతట తనే తగ్గిస్తుంది. మిగిలిపోయినవాటిని ఉచితమని రాసి రోడ్డు పక్కన పెట్టేసేవాళ్లూ ఉన్నారు. మంచి సరుకు మాత్రం అప్పటిదాకా ఉండదు. మనసు పడ్డది ఉదయమే తీసుకోండి, ఉన్నా లేకపోయినా ఫరవాలేదనుకున్నది మధ్యాహ్నానికి వదలండి. చెప్పిన వేళకంటే ముందే వెళ్లి తలుపు తట్టడం మాత్రం ఎవరికీ నచ్చదు. పర్సులో ఒకటి, ఐదు డాలర్ల నోట్లు, క్వార్టర్ నాణేలు ఉంచుకోండి. డాలరు గరిటెకు ఇరవై నోటు తీస్తే ఇంక బేరమేం సాగుతుంది?

ఇక మీరు చూసిన వస్తువులు. పిల్లల మంచం వద్దు. పక్క కటకటాలు కిందికి జారే రకం మంచాల్లో పసివాళ్లు ఇరుక్కుని ప్రాణాలు పోయాయని 2011 జూన్ నుంచి అమెరికాలో వాటి అమ్మకాన్నే నిషేధించారు. అటకమీది పాత మంచాలు ఇలాంటి చోట్ల ఇంకా కనిపిస్తుంటాయి. రంగు వేసిన మరీ పాత కర్ర సామానుదీ ఇదే కథ. రంగుల్లో కలిపే విషపు సీసాన్ని ఇక్కడ 1978లో కట్టడి చేశారు, అంతకు ముందువాటిని పిల్లలు నోట్లో పెట్టుకోకూడదు. కారు సీటుకు గడువు తేదీ ఉంటుంది, వెనకో అడుగునో అచ్చు వేసి ఉంటుంది. గడువున్నా సరే, ఆ సీటు ఏ ప్రమాదం చూసిందో మీకు తెలియదు. అది కొత్తదే కొనండి, అమ్మాయి మాట అక్కడ వినండి.

మిక్సీ గుంటూరు తీసుకెళ్లే ఆలోచన ఉంటే మానుకోండి. ఇక్కడి కరెంటు 120 వోల్టులు, మనది 230. ప్లగ్గు పెట్టిన క్షణాన మోటారు వాసన మొదలవుతుంది.

పెనం ఇంకా అక్కడే ఉంటే ఈ పత్రిక పక్కన పెట్టి వెళ్లండి! దాన్ని బోర్లించి చూడండి. వలయంలో శిలువ గుర్తు, గ్రిస్వోల్డ్, ఈరీ అన్న అక్షరాలు ఉంటే అదృష్టమే. పెన్సిల్వేనియాలోని ఈరీలో ఉన్న ఆ గ్రిస్వోల్డ్ పెనాల కార్ఖానా 1957లో మూతపడింది. ఆ పెనాల లోపలి భాగం అద్దంలా నున్నగా ఉంటుంది, ఈ రోజుల్లో దొరికే చాలావాటికి ఆ నునుపు లేదు. నా వంటింట్లో ఉన్నది ఒక పెద్దాయన రెంచీల పెట్టె అడుగున దొరికింది, తుప్పుతో ఎర్రగా. నాలుగు డాలర్లన్నాడు, నేను బేరం కూడా ఆడలేదు. సగం నీళ్లు, సగం వెనిగర్ కలిపి గంటసేపు నానబెట్టి, స్టీలు పీచుతో తోమి, పొయ్యి మీద తడి ఆర్చి, పలుచగా నూనె రాసి, ఓవెన్‌లో 450 ఫారెన్‌హీట్ దగ్గర గంట బోర్లించాను. ఇలా కొన్నిసార్లు చేశాక పెసరట్టు అంచు గరిట తగలకముందే లేస్తోంది.

కొనేముందు వేలి కణుపుతో కొట్టండి, ఖంగుమని మోగాలి. మొద్దు శబ్దం వస్తే పగులుంది. చదునైన బల్ల మీద పెట్టి తిప్పండి, బొంగరంలా తిరిగితే పైన గాజు పలక ఉండే కరెంటు పొయ్యి మీద కుదరదు. ఇంట్లో సీసం కరిగించడానికి పాత పెనాలు వాడినవాళ్లూ ఉన్నారు కాబట్టి, దేనికి వాడారో ఒక మాట అడగడంలో తప్పులేదు. తిరుగు ప్రయాణంలో చాలా విమానాల్లో పెట్టెకు 23 కిలోలే. ఆవకాయ జాడీలు వచ్చేటప్పుడు తెచ్చేశారు కాబట్టి చోటుంటుందిలెండి.

ప్రశ్న: యార్డ్ సేల్‌లో మూడు డాలర్లకు కొన్న గిన్నె లక్షల డాలర్లకు పోయిందని మా గదిలో వాళ్లంటున్నారు. నిజమా?
– విద్యార్థి, డాలస్

జవాబు: నిజమే. న్యూయార్క్ రాష్ట్రంలో ఒక కుటుంబం 2007లో ఒక తెల్లని గిన్నెను మూడు డాలర్లకు కొని హాల్లో అలంకరణగా పెట్టుకుంది. అది చైనాలో సుమారు వెయ్యేళ్ల కిందటి సాంగ్ వంశ కాలపుదని తేలింది. 2013 మార్చిలో సదబీస్ వేలంలో 22 లక్షల డాలర్లు దాటింది. కనెటికట్‌లో 35 డాలర్లకు దొరికిన మరో చైనా గిన్నె 2021లో ఏడు లక్షలు దాటింది. మిగతా గిన్నెలన్నీ మూడు డాలర్లవే, బాబూ. వాటి గురించి ఎవరూ వార్త రాయరు. కంటికి నచ్చితే కొనుక్కో, అద్దె డబ్బు మాత్రం పెట్టకు. ఒకటి మాత్రం గుర్తుంచుకో: పాత పింగాణీ మెరుగులో సీసం ఉండవచ్చు, పులుపు తగిలితే అది దిగుతుంది. అందులో పెరుగు తోడుపెట్టకు, పులిహోర కలపకు.