ముందు ఆ స్థిరాంకం సంగతి చెప్పు

తమ్ముడూ,

డైమెన్షన్ ఎంత పెరిగినా పెరగని హద్దుల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. లెక్క తెలిసినవాడే రాశాడని తెలుస్తోంది, కానీ సింగ్యులర్ ఇంటిగ్రల్ అంటే ఇది, కెర్నల్ అంటే ఇది అని రెండు పేజీలు నిర్వచనాలే చెప్పుకుంటూ పోయావు, అసలు గొడవ మొదలయ్యేసరికి చదివేవాడు టీకి లేచి వెళ్లిపోతాడు.

గొడవంతా స్థిరాంకంలో ఉంది, అంటే ఆపరేటర్ ఒక ఫంక్షన్‌ని ఎన్ని రెట్లకి మించి పెంచలేదో చెప్పే అంకెలో. హార్డీ-లిటిల్‌వుడ్ మాక్సిమల్ ఫంక్షన్‌కి (ఒక్కో బిందువు చుట్టూ ఉన్న బంతుల్లో ఫంక్షన్ పరిమాణానికి వచ్చే సగటుల్లో అతి పెద్దది) విటాలి కవరింగ్, అంటే ఒకదానిమీదొకటి పడే బంతుల్లోంచి విడివిడిగా ఉన్నవి ఏరుకునే పద్ధతి, వాడితే వీక్ టైప్‌లో (విలువ ఒక మోతాదు దాటే చోటు ఎంతో మాత్రమే కొలిచే హద్దు) వచ్చేది 3 పవర్ ఎన్, ఎన్ అంటే డైమెన్షన్ల సంఖ్య. మూడు డైమెన్షన్లలో 27, సరేలే అనుకుంటాం, పదికి వెళ్తే 59,049! తప్పు ఆపరేటర్‌దా, మన ప్రూఫ్‌దా? ఈ ప్రశ్న మొదటి పేరాలోనే పడాలి. అన్నట్టు, ఆ 'మితి నిరపేక్ష పరిబద్ధత' ఎవరికోసం? డైమెన్షన్‌తో పనిలేని హద్దు అను, చాలు.

ఒకచోట జారావు. ఒక్కో రీస్ ట్రాన్స్‌ఫార్మ్ (కోఆర్డినేట్‌కి ఒకటి చొప్పున ఉండే సింగ్యులర్ ఇంటిగ్రల్) హద్దుకి ఎన్‌తో పనిలేదు, కాబట్టి అన్నీ కలిపినా అంతే అన్నావు. ఆ 'కాబట్టి' చెల్లదు. ఒక్కొక్కటీ విడిగా సులువే, అన్ని దిశల గీతల మీదా సగటు తీసే రొటేషన్ పద్ధతిలో గీత మీది హిల్బర్ట్ ట్రాన్స్‌ఫార్మ్‌కి (ఒక్క డైమెన్షన్‌లో దీని రూపం) దించెయ్యొచ్చు, కానీ ఎన్ ముక్కల వర్గాలు కూడి వర్గమూలం తీస్తే విడి హద్దుల నుంచి వచ్చేది రూట్ ఎన్ లాంటిదే. పి (ఫంక్షన్ పరిమాణాన్ని ఏ ఘాతంతో కొలుస్తామో అది) విలువ 2 అయితే మాత్రం భలే ఉంటుంది: ఫూరియర్ వైపు, అంటే ఫంక్షన్‌ని తరంగాలుగా విడదీసి చూస్తే, ఒక్కో ముక్కా యూనిట్ వెక్టర్‌లోని ఒక్కో కోఆర్డినేట్‌తో గుణించడమే (మైనస్ ఐ సంగతి పక్కన పెట్టు), వాటి వర్గాల మొత్తం 1, ఎన్ ఎంతైనా సరే. దీన్ని నువ్వు ఫుట్‌నోట్‌లో పడేశావు! పైకి తీసుకురా, తాపీగా చెప్పు. 1కీ అనంతానికీ మధ్య మిగతా పి విలువలన్నిటికీ ఎన్‌తో పనిలేని హద్దుని ఎలయాస్ స్టైన్ 1983లో సాధించడం ఎంత పెద్ద పనో అప్పుడు తెలుస్తుంది.

చివరి పేజీలో మాక్సిమల్ ఫంక్షన్ గురించి 'వీక్ టైప్‌లోనూ ఇంతే' అని, అక్కడా ఎన్‌తో పనిలేదన్నట్టు రాసిన వాక్యం కొట్టెయ్. బంతులకి స్టైన్, స్ట్రోంబర్గ్ తెచ్చిన హద్దు ఎన్‌తో పాటు పెరుగుతుంది. బంతుల బదులు క్యూబుల్లో సగటు తీస్తే, ఎన్ పెరిగేకొద్దీ వీక్ టైప్‌లో అసలు స్థిరాంకమే అనంతానికి పోతుందని 2011లో ఆల్దాజ్ చూపించాడు. అదే క్యూబుకి పి 1 దాటితే చాలు, ఎన్ ఊసే ఉండదని 2014లో బూర్గేన్ చూపించాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టి ఒక పేజీ రాయి, నిర్వచనాల్లో సగం తీసేస్తే చోటు దొరుకుతుంది.

ఆదివారంలోగా పంపితే రైల్లో చదువుతాను.