రికార్డ్ స్టోర్ డేకి ముందు కిట్టూకి

చిరంజీవి కిట్టూకి ఆశీస్సులు.

ఏప్రిల్‌లో రికార్డ్ స్టోర్ డే రోజున బ్రిటన్‌లోని లీడ్స్‌లో రికార్డు షాపు ముందు క్యూ కట్టాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. నువ్వు కొనాలనుకుంటున్న ఎల్పీ ప్లేట్ల జాబితా చూశాను, పదకొండు పేర్లున్నాయి. దాన్ని మూడుకి దించు. జనం ఎగబడేవి అని ఎంచుకోకు. వచ్చే ఏడాది కూడా తీసి వింటానని నీకు నమ్మకం ఉన్నవే ఆ మూడూ అయ్యుండాలి. మిగతా ఎనిమిదింటి సంగతి తర్వాత చెబుతాను. వాటిలో కొన్ని వేసవిలో ఇంతకంటే తక్కువకే దొరకొచ్చు.

ముందు ఆ రోజు ఎలా నడుస్తుందో తెలుసుకో. 2007లో అమెరికాలోని చిన్న రికార్డు షాపుల వాళ్లు కలిసి అనుకుని, 2008 ఏప్రిల్ 19న మొదటిసారి జరిపిన పండగ ఇది. ఆ రోజుకని ప్రత్యేకంగా కొట్టించిన ఎల్పీలు ఏ చెయిన్‌కీ చెందని సొంత షాపులకే వెళ్తాయి. పెద్ద చెయిన్లకి, సూపర్ మార్కెట్లకి వెళ్లవు. బ్రిటన్‌లో నియమం సూటిగా ఉంటుంది: ముందొచ్చినవాడికి ముందు, మనిషికి ఒక్కో టైటిల్ ఒక్క కాపీయే, ఫోన్ చేసి దాచిపెట్టమని అడగడానికి లేదు. శనివారం మిగిలినవి సోమవారం రాత్రికి షాపుల వెబ్‌సైట్లలోకి వస్తాయి. "మా ఫ్రెండ్‌కి కూడా ఒకటి" అని కౌంటర్లో అడిగి వాళ్లని ఇబ్బంది పెట్టకు.

చాలామందికి తెలియనిది షాపు వైపు కథ. ఆ ఏడాది రాబోయే టైటిళ్ల జాబితా బయటికి రాగానే వాళ్లు కొన్ని వారాల ముందే ఆర్డరు పెట్టాలి. అడిగినన్ని కాపీలు వస్తాయన్న భరోసా లేదు. వచ్చినవి అమ్ముడుపోకపోతే వెనక్కి పంపే వీలూ ఉండదు. అంటే ఏది ఎన్ని తెప్పించాలన్నది వాళ్లకి డబ్బుతో ముడిపడిన ప్రశ్న. అందుకే జాబితా వచ్చిన వారంలోనే జంబో రికార్డ్స్‌కి వెళ్లి, నీ మూడు పేర్లూ ఒక కాగితం మీద రాసిచ్చి రా. అది 1971 నుంచీ ఉన్న షాపు. దాచిపెట్టమని కాదు, "ఇది కొనే మనిషి ఒకడున్నాడు" అని చెప్పడానికి. ఎవరూ అడగని టైటిల్‌ని షాపు అసలు తెప్పించకపోవచ్చు. అలాంటప్పుడు తెల్లవారుజామున మూడింటికి వెళ్లి నిలబడినా దొరికేది లేదు.

క్యూలోకి ఒక గట్టి అట్టముక్క వేసిన సంచీ తీసుకెళ్లు. గొడుగు, నీళ్లు, పేర్లు రాసిన కాగితం చాలు. కాగితం మీద పాటగాడి పేరుతో పాటు లేబుల్ పేరు, ప్లేటు రంగు కూడా రాసుకో. ఒకే ఆల్బమ్ రెండు రూపాల్లో వచ్చినప్పుడు కౌంటర్ దగ్గర తికమక పడేది అక్కడే.

ఇక ఆ ఎనిమిది. మొదటి వారంలో డిస్కాగ్స్‌లో (రికార్డులు కొని అమ్ముకునే వెబ్‌సైటు) కనిపించే ధరలు చూసి కంగారుపడకు. అవి అమ్మేవాళ్లు అడుగుతున్న ధరలు. ప్రతి రికార్డు పేజీలోనూ ఇప్పటిదాకా నిజంగా ఎంతకి అమ్ముడుపోయిందో, కనిష్ఠం, మధ్యస్థం, గరిష్ఠం వేరేగా ఉంటాయి. చూడాల్సింది ఆ మధ్యస్థం. క్యూలో దొరకలేదన్న బాధతో రెట్టింపు పెట్టి కొనే వాళ్ల వల్ల మొదటి పదిరోజులూ అది పైకి ఎగుస్తుంది. జూన్, జులైల్లో షాపులు మిగిలిన సరుకు పెట్టెల్లో వేసి ధర తగ్గిస్తాయి. అప్పుడు వెళ్లి నిదానంగా వెతుక్కో.

ఏడాదికి ఒక్క శనివారమే అని కూడా అనుకోకు. 2018 నుంచి బ్రిటన్‌లో సొంత షాపులు కొన్ని కలిసి డింక్డ్ ఎడిషన్ అని ఒక వరస నడుపుతున్నాయి. కొత్త ఆల్బమ్‌కి వేరే రంగు ప్లేటు, నంబరు వేసిన అట్ట, ఒక్కోసారి అదనంగా చిన్న ప్లేటు, ఇవన్నీ ఆ షాపుల్లోనే. జూక్‌బాక్సులో పట్టేలా ఏడంగుళాల ప్లేటు మధ్యలో పెద్ద బెజ్జం కొట్టడాన్ని డింకింగ్ అంటారు, పేరు అక్కణ్నుంచి వచ్చింది. ఇవి ముందుగానే బుక్ చేసుకోవచ్చు. షాపు న్యూస్‌లెటర్‌కి నీ మెయిల్ ఇచ్చి ఉంచితే చాలు, క్యూ లేదు.

స్టిక్కర్ చదవడం నేర్చుకో. ఉత్త "లిమిటెడ్ ఎడిషన్" అన్న మాటకి విలువేమీ లేదు. లక్ష కాపీలు కొట్టినా అలా రాయొచ్చు. సంఖ్య ఉందా, ఆ సంఖ్య ఒక్క దేశానిదా ప్రపంచం మొత్తానిదా, లిమిటెడ్ అన్నది ఆల్బమ్‌కా ఆ రంగుకి మాత్రమేనా అన్నవి చూడు. రంగుకి మాత్రమే అయితే అవే పాటలు నల్ల ప్లేటు మీద తక్కువకి దొరుకుతాయి. "రీమాస్టర్డ్" అంటే పాత రికార్డింగుని మళ్లీ సరిదిద్దారని, కానీ టేపు నుంచి చేశారో డిజిటల్ ఫైలు నుంచి చేశారో తెలియదు. గాడి ఎవరు కట్ చేశారు, ఏ టేపు నుంచి అన్నది రాసి ఉంటే అది పట్టించుకోదగ్గ స్టిక్కర్. 180 గ్రాములని గొప్పగా రాస్తారు. బరువెక్కువ ప్లేటు చేతికి బాగుంటుంది, శబ్దానికి మాత్రం గాడి ఎలా కోశారు, ఎలా అచ్చు పోశారు అన్నవే ముఖ్యం. బొమ్మ అచ్చేసిన ప్లేట్లు (పిక్చర్ డిస్కులు) వినడానికి కొనకు. అచ్చేసిన కాగితం మీద పల్చటి ప్లాస్టిక్ పొర పరిచి అందులో గాడి నొక్కుతారు, వెనకాల సర్రుమనే రొద తప్పదు. చీకట్లో మెరిసే ప్లేట్లూ అంతే.

ఇప్పుడు అసలు సంగతి. కొన్న రోజే సీలు విప్పు. సీలు విప్పకపోతే విలువ పెరుగుతుందని నీకు చాలామంది చెబుతారు. ఆ మాట వినకు. ప్లాస్టిక్ చుట్టు బిగుతుగా ఉంటే అట్టని లాగి ప్లేటుని వంచేస్తుంది. లోపల ప్లేటు బాగుందో లేదో కూడా తెలియదు. అక్కడి 2015 వినియోగదారుల హక్కుల చట్టం ప్రకారం లోపమున్న వస్తువుని 30 రోజుల్లోపు తిరిగిచ్చి పూర్తి డబ్బు అడగొచ్చు. ఆన్‌లైన్‌లో కొంటే మనసు మారినా 14 రోజుల్లో రద్దు చేసుకునే హక్కు ఉంటుంది, సీలు విప్పితే అది పోతుంది. లోపానికి సంబంధించిన 30 రోజుల హక్కు మాత్రం సీలు విప్పినా పోదు. ఈ రెండూ కలిపేసుకుని చాలామంది సీలు ముట్టుకోకుండా ఆ నెల కాస్తా గడిపేస్తారు.

బ్లేడు వాడకు. అట్ట తెరుచుకునే అంచుని ప్యాంటు మీద రెండుసార్లు రుద్దితే ప్లాస్టిక్ చిరుగుతుంది. మొత్తం తీసెయ్, స్టిక్కర్ ఉన్న ముక్క కత్తిరించి దాచుకో. అట్ట నోరు కొంచెం ఉబ్బించి, లోపలి కవరుతో సహా ప్లేటు బయటికి జార్చు. అంచు బొటనవేలి మొదట్లో, మధ్య లేబుల్ వేళ్ల కొసల మీద ఆననీ. గాడి మీద వేలు పడకూడదు.

ఒకే ఒక్క దీపం కింద ప్లేటుని ఏటవాలుగా పట్టుకుని నెమ్మదిగా తిప్పు. వెంట్రుకల్లాంటి సన్నగీతలు కాగితం కవరు రాపిడి, చాలావరకు వినపడవు. బూడిదరంగులో, కుట్టు వేసినట్టు వరసగా చుక్కలు కనిపిస్తే అది వేరే జబ్బు. అచ్చు పోసేటప్పుడు ప్లాస్టిక్ ముద్ద గాడి అడుగుదాకా నిండలేదన్నమాట, నాన్‌ఫిల్ అంటారు. అక్కడ ముల్లు వెళ్తుంటే గుడ్డ చింపినట్టు చర్రుమంటుంది. ఎంత కడిగినా పోదు.

తర్వాత ప్లేయర్ మీద పెట్టి, కంటి ఎత్తుకి వంగి అంచు చూడు. చుట్టుకోసారి ప్లేటు లేచి దిగితే వంపు. కొద్దిపాటిదైతే ముల్లు తట్టుకుంటుంది. ముల్లున్న ప్లేయర్ చేయి పైకీ కిందకీ కాక పక్కలకి ఊగుతుంటే బెజ్జం మధ్యలో పడలేదని. అప్పుడు పియానో మీద పట్టి ఉంచిన స్వరం నీటిమీద నీడలా వణుకుతుంది. ఇది మాత్రం సర్దుకుపోకు, మార్పించుకో.

రెండు వైపులా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పూర్తిగా విను. టప్ మన్న చప్పుడు వినిపిస్తే లెక్కపెట్టు. 33⅓ ఆర్పీఎం (నిమిషానికి 33⅓ చుట్లు) మీద ఒక చుట్టుకి 1.8 సెకన్లు. అదే వ్యవధిలో మళ్లీ మళ్లీ వస్తే గీత గానీ అచ్చులోని బొడిపె గానీ ఉన్నట్టు. తోచినట్టు వస్తే దుమ్ము లేదా స్టాటిక్ (రాపిడికి పుట్టే విద్యుత్తు). కొత్త ప్లేటుకి కూడా కాగితం పొడి అంటుకుని ఉంటుంది. కార్బన్ ఫైబర్ బ్రష్‌తో తుడిచి మళ్లీ విను. ముల్లు గెంతుతుంటే షాపుకి వెళ్లేముందు నీ ప్లేయర్ చేయి ముల్లు మీద మోపే బరువు సరిచూడు. ముల్లు బిగించే కార్ట్రిడ్జ్ ఆర్టోఫోన్ 2ఎం రెడ్ అయితే 1.8 గ్రాములు, ఆడియో టెక్నికా వీఎం95ఈకి 2 గ్రాములు. తక్కువ పెడితే మంచి ప్లేటు కూడా గెంతుతుంది. ఇవన్నీ చూశాక లోపం ప్లేటుదే అని తేలితే, ఎక్కడ ఎన్నో నిమిషంలో వస్తుందో రాసుకుని, బిల్లుతో వెళ్లు. మర్యాదగా అడుగు, అక్కడి ప్లేయర్ మీద వినిపించు. లిమిటెడ్ కాబట్టి బదులు కాపీ ఆ వారంలో ఉంటేనే ఉంటుంది, ఆలస్యం చేస్తే డబ్బే వెనక్కొస్తుంది.

లేబుల్‌కీ ఆఖరి పాటకీ మధ్య ఖాళీ మీద గీసిన అంకెలు, అక్షరాలు కూడా అప్పుడే చూసి రాసుకో. బార్‌కోడ్ ఒకటే ఉన్న రెండు ముద్రణల్ని విడదీసేది ఆ గీతలే. కట్ చేసిన ఇంజనీరు సంతకం కూడా కొన్నిసార్లు అక్కడే ఉంటుంది. జార్జ్ పెక్హామ్ కట్ చేసినవాటి మీద "పోర్కీ" అని చేత్తో గీసి ఉండటం సేకరించే వాళ్లందరికీ తెలుసు.

దాచే పద్ధతి. కాగితం కవరు తీసి, పాలిథీన్ పొర ఉన్న కవర్లో వెయ్యి. బయటి కవరు పాలీప్రొపిలీన్‌దే కొను. మెత్తగా, దళసరిగా, వాసనొచ్చే పీవీసీ కవర్లు కొన్నేళ్లకి ప్లేటు మీద మసక పొర వేస్తాయి, అది పోదు. ప్లేటుని అట్టలో కాక అట్ట వెనకాల, బయటి కవర్లోనే పెడితే అట్ట అంచులు చిరగవు. పోస్టులో తెప్పించుకునేటప్పుడు కూడా, సీలు లేనివైతే, ప్లేటు అట్ట బయట పెట్టి పంపమని అడుగు. నిలువుగా నిలబెట్టు, ఒకదాని మీద ఒకటి పేర్చకు, ఒక పక్కకి వాలనివ్వకు. ఎల్పీ అట్టతో కలిపి పావుకిలో పైనే ఉంటుంది. ఐకియా కల్లాక్స్ అలమర ఒక్కో గూటికి 13 కేజీలే అని రాసి ఉంటుంది, గూడు కిక్కిరిసేలా నింపితే అది దాటిపోతుంది. నలభై దగ్గర ఆపి, మిగతా చోటు గట్టి అట్టతో ఆనించు. రేడియేటర్ పక్కనా, కిటికీ ఎండ పడేచోటా వద్దు.

ఇంటికి తెచ్చేటప్పుడు చేతిసంచీలోనే తీసుకురా. ఏడు కేజీలు అనుమతిస్తే సంచీ బరువు పోను ఇరవై లోపు పడతాయి. కార్గోలో వేసిన పెట్టె ఎండలో ఎంతసేపు పడి ఉంటుందో మన చేతుల్లో లేదు. స్టేషన్ నుంచి వచ్చేటప్పుడు కారులో వదిలేసి టిఫిన్‌కి దిగకు, మే నెల ఎండలో అద్దాలు మూసిన కారులో ప్లేటు అరగంటలో అల అయిపోతుంది. రాజమండ్రి ఇంట్లో పడమటి గోడకున్న అలమరలో కాదు, నడిమి గదిలోని చెక్క బీరువాలో పెట్టు.

తాతయ్య 78 ఆర్పీఎం ప్లేట్లు కూడా ఆ బీరువాలోనే అడుగు అరలో ఉన్నాయి. నువ్వు అక్కడ కొనే శుభ్రం చేసే ద్రవాల్లో ఆల్కహాల్ ఉంటే వాటి దగ్గరికి తీసుకెళ్లకు. అవి ఎల్పీల్లా వినైల్ ప్లాస్టిక్ కావు, లక్కతో చేసినవి. ఆల్కహాల్ తగిలితే పైపొర కరిగిపోతుంది. డిస్టిల్డ్ వాటర్‌తో కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డ, వెంటనే పొడిగుడ్డ, అంతే. నువ్వొచ్చేదాకా వాటిని ఎవరూ ముట్టుకోకుండా మీ అమ్మకి చెప్పి ఉంచాను.

ఆశీస్సులతో,
పెదనాన్న