పాపకు చెప్పే 1098కి ఫోన్ చేయండి
అక్కా, పెళ్లి తప్పించుకుని వచ్చిన 16 ఏళ్ల పాప నాలుగు రోజులుగా మీ ఇంట్లోనే ఉంది, పిన్నీ అంటూ మిమ్మల్ని వదలట్లేదు, బయటికి చెబితే తీసుకెళ్లిపోతారని టెన్షన్ అన్నారు. నిజమే. కానీ దాచిపెడితే వాళ్లవాళ్లు మీ మీదే కిడ్నాప్ కేసు పెట్టొచ్చు. ఇవాళే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి చెప్పండి. ఇలా ఇంటి నుంచి వచ్చేసిన పిల్లల గురించి చెప్పడానికి చట్టం ఇచ్చిన 24 గంటల గడువు ఎప్పుడో దాటింది. పాపకు తెలియకుండా మాత్రం వద్దు, మళ్లీ ఎవర్నీ నమ్మదు.

ఇలాంటి పిల్లల్ని ఎక్కడ ఉంచాలో తేల్చే బాలల సంక్షేమ సమితి ముందుకు తనతో పాటు వెళ్లండి. పెళ్లి సంగతి తననే చెప్పనివ్వండి. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం సమితి మిమ్మల్ని పాపను చూసుకోడానికి తగిన వ్యక్తిగా గుర్తిస్తే కొన్నాళ్లు మీ దగ్గరే ఉంచొచ్చు. పిల్లల హోమ్‌కి పంపితే, వెళ్లి చూడ్డానికి అనుమతి అడగండి. అన్నట్టు, పదో తరగతి మెమో ఉందా? వయసు రుజువుకి అదే అడుగుతారు.