మంగు మచ్చలకు నిమ్మరసం రాస్తున్నారా?

ప్రశ్న: నా వయసు 34. మాది నర్సంపేట దగ్గర పల్లెటూరు. పత్తి, మిర్చి ఏరడానికి కూలికి పోతాను. రెండో కాన్పు తర్వాత బుగ్గల మీద, ముక్కు మీద గోధుమ రంగు మచ్చలు వచ్చాయి. నిమ్మరసంలో పసుపు కలిపి రాసినా తగ్గలేదు. పక్కింటామె చెబితే మెడికల్ షాపులో ఒక క్రీం కొన్నాను. మొదట్లో మొహం తెల్లబడింది. ఇప్పుడు రెండ్రోజులు మానేస్తే ఎర్రబడి మంట పుడుతోంది. ఇంట్లోనే తగ్గించుకోవచ్చా?

జవాబు: అమ్మా, మీరు చెప్పినదాన్ని బట్టి ఇవి మంగు మచ్చలే అనిపిస్తోంది. గర్భంతో ఉన్నప్పుడు హార్మోన్ల మార్పు వల్ల చర్మానికి రంగునిచ్చే మెలనిన్ ఎక్కువగా తయారవుతుంది. కాన్పయ్యాక కొందరికి వాటంతటవే పలచబడతాయి. పొద్దంతా ఎండలో ఉండేవాళ్లకు మాత్రం అంత తొందరగా పోవు.

మచ్చల కన్నా నాకు ఆ క్రీం గురించే ఎక్కువ భయంగా ఉంది. రాస్తే తెల్లబడి, మానితే మంట పుడుతోందంటే అందులో స్టెరాయిడ్ ఉండొచ్చు. ట్యూబు మీద బెటామెథసోన్, క్లోబెటసోల్, మోమెటసోన్ లాంటి పేర్లు ఉన్నాయేమో చూడండి. నెలల తరబడి వాడితే చర్మం పలచబడుతుంది, మొటిమలు, మొహం మీద వెంట్రుకలు వస్తాయి. ఇలాంటి క్రీములు చాలావాటిని డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లోనే చెప్పింది. అయినా మా దగ్గరికి ఇలా మొహం పాడైనవాళ్లు వస్తూనే ఉన్నారు. మంట తట్టుకోలేక మళ్లీ అదే రాయకండి. కొందరికి దాన్ని మెల్లగా తగ్గిస్తూ మాన్పించాలి కాబట్టి ఈ వారంలోనే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో చర్మ డాక్టర్‌కి చూపించుకోండి.

నిమ్మరసం అసలు వద్దు. అది రాసుకుని ఎండలోకి వెళ్తే చర్మం కమిలి, బొబ్బలెక్కి, ఇంకా నల్లబడుతుంది. వంటసోడా, టూత్‌పేస్టు కూడా అంతే. కలబంద గుజ్జు పడితే చల్లగా ఉంటుంది, కానీ మచ్చను తీసేయదు.

ఇంట్లో మీరు చేయగలిగిన అసలు వైద్యం ఎండ తగలకుండా చూసుకోవడమే. చేనుకి వెళ్లేముందు ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఎంత కాపాడుతుందో చెప్పే అంకె) 30 లేదా అంతకన్నా ఎక్కువున్న సన్‌స్క్రీన్‌ను చూపుడు వేలు, నడిమి వేలు పొడవునా రెండు గీతలుగా తీసుకుని మొహానికి, మెడకు రాయండి. చెమటకు పోతుంది కాబట్టి రెండు మూడు గంటలకోసారి మళ్లీ రాయాలి. మిర్చి ఏరుతుంటే ముందు చేతులు సబ్బుతో బాగా కడుక్కోండి, లేకపోతే ఆ ఘాటు మొహానికంటి మంట రెట్టింపవుతుంది. కొంగు ఒక్కటే చాలదు, దానిపైన వెడల్పు అంచున్న టోపీ పెట్టుకోండి. ఇంతా చేసినా తేడా కనిపించడానికి మూడు నెలలు పట్టొచ్చు. టెన్షన్ పడి మధ్యలో మానేయకండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ క్రీం ట్యూబు వెంట తీసుకెళ్లండి. బిడ్డకు పాలిస్తున్నా, కాన్పులు ఆగడానికి మాత్రలు వాడుతున్నా తప్పకుండా చెప్పండి. మందు ఏదివ్వాలో దాన్ని బట్టే ఉంటుంది.